పడవ మీద కబురు: లంకలో పుట్టి వీడియోల దాకా

ఈ వారం వీడియోలో కషాయం లేదు, ఘనజీవామృతం లేదు. వరద తీసిన తర్వాత మా అరటి తోటలో నడుచుకుంటూ, నలుగురైదుగురు రైతులతో మాట్లాడుతూ తీసిన వీడియో అది. అందులో ఒకచోట మీకు మనిషి మొహం కనిపించదు. చేతులు మాత్రమే కనిపిస్తాయి, మాట వినిపిస్తుంది. కెమెరా పాడైందా అని అడుగుతారేమోనని ముందే చెప్తున్నాను. కెమెరా బానే ఉంది. అలా ఎందుకు తీశానో రాయాలంటే నేను పుట్టిన లంక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఏ రైతు సమావేశానికి వెళ్లినా ఎవరో ఒకరు "మీరు రైతా, యూట్యూబరా?" అని అడుగుతున్నారు. నాకు రెండున్నర ఎకరాల అరటి తోట ఉంది. అందులో అంతరపంటగా కంద, పసుపు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. మాతో పాటు చుట్టుపక్కల రైతుల పంటను పెట్టెల్లో సర్ది రాజమండ్రి, కాకినాడ ఇళ్లకు పంపే చిన్న వ్యాపారం కూడా నడుపుతున్నాను. వీడియోలు వీటన్నిటికీ పైన అతికించిన పని కాదు. నాకైతే అదే ముందు వచ్చింది. సేద్యం, వ్యాపారం తర్వాత వచ్చాయి.

కోనసీమ బయటి వాళ్లకు లంక అంటే ఏంటో చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి, వసిష్ఠ, ఆ వసిష్ఠలోంచి వైనతేయ. ఈ పాయల మధ్యలో ఒండ్రు మేట వేసి ఏర్పడిన నేలలే లంకలు. కొన్నింటికి వంతెనలున్నాయి, కొన్నింటికి వరదొస్తే మునిగిపోయే కాజ్‌వేలు ఉన్నాయి, కొన్నింటికి ఇప్పటికీ పడవే దిక్కు. మాది వసిష్ఠ పాయలో. ఏటిగట్టుకు అవతల ఉన్నవాళ్లకు గట్టు కాపలా. మేం గట్టుకు ఇవతల, నీళ్ల వైపు ఉన్నవాళ్లం.

మట్టి మాత్రం బంగారం. అరటి, కంద, పసుపు, మిరప, వంగ, బీర, దొండ, తమలపాకు, ఏది వేసినా వస్తుంది. లంక పొగాకు పేరు మీరు వినే ఉంటారు. ఏటా ఎర్రనీరు వచ్చి పోతూ కొత్త ఒండ్రు పరిచి వెళ్తుంది. మా తాతయ్య కాలంలో ఎరువు బస్తా కొనడం అంటే నవ్వేవారట. కానీ మా లంకలో వరి లేదు. బియ్యం పడవలో రావాలి, అరటి పడవలో పోవాలి. హవాయి లాంటి సముద్ర దీవుల్లో తినేదాంట్లో చాలా భాగం ఓడల్లో దిగుతుందని డిప్లొమాలో ఉండగా చదివి, వాళ్ల కష్టం ఒకవైపే కదా అనుకున్నాను. మాకు రెండు వైపులా ఏరే.

పడవ దాటించే దగ్గరే అంతా తేలిపోతుంది. గెల కొట్టి, రేవుకు మోసి, పడవెక్కించి, అవతల దించాక వ్యాపారి ధర చెప్తాడు. నచ్చకపోతే ఏం చేస్తాం? గెలను వెనక్కి తీసుకెళ్లి చెట్టుకు తగిలించలేం కదా. మళ్లీ పడవ కూలీ, మోత కూలీ. రెండో రోజుకు పండు రంగు తిరుగుతుంది. గెల దిగిన తర్వాత మాట్లాడేది బేరం కాదండి, వాళ్లిచ్చింది పుచ్చుకోవడమే. అందుకని గెల కొట్టక ముందే ధర తెలియడం మాకు ఎరువు కన్నా, నీళ్ల కన్నా ముఖ్యం.

ఆ పని చేసింది మేమే, అంటే బడిపిల్లలం. ప్రాథమిక పాఠశాల దాటితే చదువు అవతలి ఒడ్డునే. రోజూ పొద్దున పడవలో వెళ్లి సాయంత్రం పడవలో వచ్చేవాళ్లం. వెళ్లేటప్పుడు మా నాన్న చెప్పేవాడు, "కర్పూరం ఎంత పలికిందో, చక్కెరకేళి ఎంతో కాటా దగ్గర కనుక్కుని రా. ఒక్కడినే అడక్కు, ఇద్దరిని అడుగు." నాకప్పుడు పదకొండేళ్లు. రావులపాలెం మార్కెట్ నుంచి వచ్చే లారీ డ్రైవర్‌ని ఒక మాట, ఒడ్డున కాటా పెట్టుకున్న ఆయన్ని ఒక మాట అడిగేదాన్ని. ఇద్దరి మాటా ఎప్పుడూ ఒకటిగా ఉండేది కాదు. నోటుపుస్తకం వెనక పేజీలో రెండు అంకెలూ రాసుకుని, సాయంత్రం మా వీధిలో ఏడెనిమిది ఇళ్లకు చెప్పేదాన్ని. ఎవరింట్లో ఏం పెడితే అది తినేదాన్ని కూడా, అది వేరే సంగతి.

ఆ రెండు అంకెల మధ్య తేడాయే మా ఇంటి ఖర్చు అని చాలా రోజులకు గానీ తెలియలేదు. గెలకు ముప్పై, నలభై రూపాయలు తేడా వచ్చిన రోజులున్నాయి. నూరు గెలలు కొట్టిన ఇంటికి అది చిన్న మాట కాదు.

డిప్లొమా గురించి ఎక్కువ రాయను. నేల పరీక్ష, విత్తన శుద్ధి, పురుగుల జీవితచక్రం, ఇవన్నీ నాకు ఈరోజుకీ పనికొస్తున్నాయి. విస్తరణ అనే సబ్జెక్టు దగ్గరే నాకు అడ్డం తగిలింది. శాస్త్రవేత్త దగ్గర సమాచారం ఉంటుంది, దాన్ని రైతుకు చేర్చాలి, ఇదీ పాఠం. బాణం గుర్తు ఎప్పుడూ పైనుంచి కిందికే. మా రేవులో కబురు అలా నడవలేదు. అటూ ఇటూ నడిచేది. ఏ తోటలో ఎన్ని గెలలు పక్వానికి వచ్చాయో నేను ఒడ్డున చెప్పేదాన్ని, ఒడ్డున ధర ఎంతో తోటలో చెప్పేదాన్ని. పుస్తకంలో ఆ వెనక్కి తిరిగే బాణం లేదు.

ఈ మాటను నాకన్నా ముందే, నాకన్నా బాగా పట్టుకున్నవాళ్లు తెలంగాణలో ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు. ఆ సంస్థ నిర్మాతల్లో ఒకరైన పి.వి. సతీశ్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేశారు. 2023 మార్చిలో కన్నుమూశారు. అక్కడి దళిత మహిళా రైతులు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. మాచనూరు నుంచి 2008 అక్టోబర్‌లో సంఘం రేడియో మొదలైంది. నడిపేది వాళ్లే, మాట్లాడేదీ వాళ్లే. జొన్నలు, కొర్రలు, విత్తనం, పాటలు అన్నీ అందులోనే.

వాళ్లు కెమెరా షాట్లకు పెట్టుకున్న పేర్లు విన్నాక నా బుర్ర తిరిగింది. పైనుంచి కిందికి చూసే షాట్‌ను పటేల్ షాట్ అంటారు. భూస్వామి కూలివాళ్లను అలాగే కదా చూసేది. కళ్లకు కళ్లు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి. ఈ రోజుకీ మా తోటలో రైతు కూర్చుని కలుపు తీస్తుంటే నేనూ కూర్చునే తీస్తాను. డ్రోన్ షాట్ వేస్తే లంక చాలా అందంగా వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పైనుంచి చూస్తే పంట కనబడుతుంది, పండించేవాడు కనబడడు.

ఇంకొకటి. ఆ సంఘాలు 1990ల్లోనే బీడు భూముల్లో జొన్న వేయించి, రైతు తీసుకున్న సాయాన్ని గింజ రూపంలో తిరిగి తీసుకుని, ఆ గింజను అదే ఊళ్లో పేదవాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. బయటి నుంచి వచ్చే బియ్యం మీద ఆధారపడకుండా ఊరి జొన్న ఊరికే. ఎవరు పేద అన్నది కూడా ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఆహార న్యాయం అనే మాట సభల్లో వింటుంటాం. నాకది అర్థమైంది ఇలాంటి పనుల్లోనే. పండించింది ఎవరు, తింటున్నది ఎవరు, ధర కట్టింది ఎవరు, లెక్కలో ఎవరి పేరు రాశారు, ఈ నాలుగూ విడివిడి ప్రశ్నలు కావు.

ఇప్పుడు ఆ చేతుల వీడియో సంగతి.

మా లంకలో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. సొంతదారులు ఒడ్డున ఉంటారు, కొందరు హైదరాబాద్‌లో, కొందరు ఇంకా దూరంలో. మక్తా ముందే కట్టాలి, పంట వచ్చినా రాకపోయినా. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు పదకొండు నెలలకు పత్రం ఇస్తారు. దాంతో పంట రుణానికీ, బీమాకీ, నష్టపరిహారానికీ దారి దొరుకుతుంది. కానీ పత్రం కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని వాళ్ల భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకు ఇవ్వరేమోనని వీళ్ల భయం. నోటిమాట మీదే ఏళ్లకు ఏళ్లు నడుస్తుంది.

మా పక్క తోట బాబాయి అలాంటి రైతే. నాలుగేళ్లుగా రసాయనం వేయకుండా ఎకరంన్నర అరటి, కంద చేస్తున్నాడు. గట్టుకు ఇవతల అంత మంచి నేల ఇంకొకటి చూపించమనండి. గుప్పెడు మట్టి తీస్తే వానపాములు. తీరా వీడియో తీద్దామని వెళ్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మాయ్, నా మొహం వద్దమ్మా. తోట ఇంత బాగుందని ఆయన చూస్తే మక్తా పెంచుతాడు. లేదా నువ్వు దిగు, మా తమ్ముడు చేసుకుంటాడంటాడు. ఈ నేల ఇలా అవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది."

ప్రకృతి సేద్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్లు పడుతుందని మనమే చెప్తాం. నవధాన్యాలు చల్లు, ఆకులు కప్పు, ఘనజీవామృతం వేయి, ఓపిక పట్టు అంటాం. పదకొండు నెలల హామీ కూడా లేని మనిషికి నాలుగేళ్ల ఓపిక పట్టమనడం తేలిక కాదు. బాబాయి పట్టాడు. ఆ పట్టినందుకే ఇప్పుడు దాక్కోవలసి వస్తోంది. విజయగాథ అని పేరు పెట్టి ఆయన మొహం వేస్తే నాకు వ్యూస్ వస్తాయి, ఆయనకు తోట పోతుంది.

అందుకని చేతులే తీశాను. పిలక తవ్వే చేతులు, మట్టి నలిపి చూపించే చేతులు. గట్టు గుర్తులు, కొబ్బరిచెట్ల వరస, పంపుసెట్టు రేకులు, ఏదీ ఫ్రేములో రానివ్వలేదు. గొంతు కూడా మార్చమన్నాడు గానీ, ఆ యాసలోనే సగం పాఠం ఉంది, మార్చితే ఎలా అని అడిగితే కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. వీడియో ముందు ఆయనకే చూపించాను, ఆయన సరే అన్నాకే పెట్టాను. మేము తీసే ప్రతి వీడియోకీ ఇప్పుడు ఇదే పద్ధతి. చెప్పినవాళ్లు చూసి ఒప్పుకోకుండా ఏదీ బయటికి పోదు. తర్వాత తీసేయమంటే తీసేస్తాం, లక్ష మంది చూసినా సరే.

కొందరు మిత్రులు దీన్ని మరీ చాదస్తం అంటారు. అననివ్వండి.

వరదల్లో ఈ పని ఇంకో రకం. గోదావరికి ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. మా పెద్దవాళ్లు 1986 ఆగస్టు వరదతోనే దేన్నైనా పోల్చి చూస్తారు. ఆ తర్వాత అంత నీరు చూసింది అప్పుడేనన్నారు. రోజుల తరబడి లంకలు తెగిపోయాయి. అటక మీద బియ్యం, మిగిలిన కంద, పచ్చి అరటి, ఊరగాయ, వీటితో గడిచింది. పండిన గెలలు కళ్లముందే నీళ్లలో ఉన్నాయి.

అప్పుడు ఫోన్లలో ఎన్ని వీడియోలో. ఎప్పటివో, ఎక్కడివో. గట్టు తెగిందని, తెగలేదని. మేం చేసింది చిన్న పని. పూటకోసారి భద్రాచలం అంకె, ధవళేశ్వరం అంకె, మా రేవు మెట్లలో ఎన్ని మునిగాయో లెక్క, ఈ మూడే చెప్తూ అర నిమిషం వాయిస్ మెసేజ్. ఫొటో లేదు, సంగీతం లేదు. సిగ్నల్ సరిగా లేని చోట వీడియో దిగదు, మాట దిగుతుంది. పైన నీరు ఎంతుందో ముందే తెలిస్తే పశువుల్ని గట్టెక్కించడానికీ, విత్తన దుంపల్ని పైకి చేర్చడానికీ వ్యవధి దొరుకుతుంది. కంద వేసేవాళ్లకు తెలుసు, ఎకరానికి విత్తనం టన్నుల్లో కావాలి. పెట్టుబడిలో పెద్ద ముక్క అదే. అది తడిసి కుళ్లితే వచ్చే ఏడు పంట లేనట్టే.

నీరు తీశాక అసలు లెక్క మొదలవుతుంది. పంట నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లే రైతు. పత్రం లేని కౌలు రైతు తన తోట గట్టు మీద నిలబడి పక్కవాడి పేరు రాయించుకోవడం చూస్తాడు. కొందరిదైతే ఇంకా చిత్రం. పట్టా చేతిలో ఉంది, భూమి ఏట్లో ఉంది. కోతకు పోయింది. అందుకని మేం రైతులకు ఒకటే చెప్తున్నాం. నాటిన రోజు, పిలక ఎక్కడ కొన్నారో ఆ చీటీ, నెలకో ఫొటో, తేదీతో సహా మీ ఫోన్‌లోనే దాచుకోండి. ఎవరికీ పంపక్కర్లేదు. పత్రం ఇవ్వదు గానీ, అడిగే రోజున చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

ఇంక నా వ్యాపారం మాట. ప్రకృతి సేద్యం పంట అనగానే పట్నం ఇళ్లకు, మంచి ధరకు అనుకుంటాం. నేనూ అక్కడికే పంపుతున్నాను, దాపరికం లేదు. కానీ మందు కొట్టని కూర తినే హక్కు పట్నంలో కొనగలిగినవాళ్లకే ఎందుకుండాలి? గెలలు మోసే మా కూలీ అక్కలు ఒడ్డున సంతలో ఏది చవకైతే అది కొనుక్కుని వెళ్లేవారు. ఇప్పుడు వారంలో ఒక రోజు, పెట్టెలు సర్దక ముందు, లంకలో ఊరి ధరకు అమ్మకం. మంచివి పక్కకు తీసి మిగిలినవి ఊరికి అనే పద్ధతి లేదు. ముందు ఊరు ఏరుకుంటుంది. లాభం కొంచెం తగ్గుతుంది. మా ఆయన ఈ విషయంలో నాతో ఇప్పటికీ వాదిస్తాడు, ఆయన లెక్కల పుస్తకం చూస్తే ఆయన వాదనలోనూ పస ఉంది. పెట్టెల ధర మీద ఇంకో రెండు రూపాయలు వేద్దామా అన్నది ఈ నెల చర్చ.

వీడియోలు తీద్దామనుకునే రైతులు చాలామంది ఏ ఫోన్ కొనాలని అడుగుతున్నారు. ఉన్న ఫోన్ చాలు. గాలి హోరు రాకుండా చిన్న మైకు ఒకటి కొనుక్కోండి, అంతే. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ మన రాష్ట్రంలోనూ పనిచేసింది. ఊరి రైతులతోనే చిన్న వీడియోలు తీయించి, చేతిలో పట్టే పికో ప్రొజెక్టర్‌తో ఊళ్లోనే గోడ మీద వేసి చూపించే పద్ధతి వాళ్లది. చూశాక మాట్లాడుకోవడం అందులో భాగం. నాకు నచ్చింది ఆ మాట్లాడుకోవడమే. మేమూ నెలకోసారి రేవు దగ్గర రావిచెట్టు కింద అలా వేస్తాం. ద్రవజీవామృతంలో బెల్లం రెండు కిలోలని వీడియోలో చెప్తే, "నల్లబెల్లం ఎక్కడ దొరుకుతోంది, ఎంతకు?" అని వెనక నుంచి ఎవరో అంటారు. తర్వాతి వీడియో దాని మీద. ఆడవాళ్లు ముందు వరసలో కూర్చుంటేనే మొదలుపెడతాం. వెనక కూర్చుంటే మాట్లాడరు, కంద విత్తనం దాచేదీ, పసుపు ఉడకబెట్టేదీ వాళ్లే మరి.

రేవు దగ్గర ఒక బోర్డు కూడా ఉంది. సుద్దముక్కతో రాసేది. రావులపాలెంలో కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, అంబాజీపేటలో కొబ్బరికాయ, ఆ పూట ధరలు. ఫోన్‌లో ఉన్నవే కదా మళ్లీ బోర్డెందుకు అంటే, ఫోన్ లేనివాళ్ల కోసం. పైగా బోర్డు మీద అంకె ఉంటే వ్యాపారి కూడా దాన్ని చూస్తాడు. మొదట్లో రెండుసార్లు ఎవరో తుడిచేశారు. ఇప్పుడు పడవ నడిపే సరంగే చూసుకుంటున్నాడు. ఆయన మనవడికి అంకెలు రాయడం సరదా.

ఇక వీడియో చూడండి. వరద నీరు తీసిన అరటిలో మొదటి వారం ఏం చేయాలో వివరంగా ఉంది. కాలువలు తీసి మొదళ్లలో నీరు నిలవకుండా చూడటం, కుళ్లిన ఆకులు కోసేయడం, ఒరిగిన చెట్లకు ఊతం కట్టడం, నేల ఆరాక మట్టి గుల్ల చేసి ఘనజీవామృతంతో మొదళ్లకు మట్టి ఎగదోయడం. పిలకల సంగతి చేతుల బాబాయి చెప్తాడు, అది రెండుసార్లు వినండి. వచ్చే వారం కంద విత్తన దుంపల నిల్వ. మీ ఊళ్లో దుంప ఎలా దాస్తారో ముందే పంపితే అందులో కలుపుతాను. రాయడం రాకపోతే వాయిస్ పంపండి. పేరు వద్దంటే వేయను.